పెరట్లోకి వచ్చే అడవి జీవాలకు మీరేం పెడతారు? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

జామచెట్టు_ఇల్లు (జీవకోన, తిరుపతి)

నమస్కారం అండి. పోయిన ఉగాదికి జీవకోనలో కొండ వారగా ఉన్న ఇంటికి మారాం. వెనక ప్రహరీ దాటితే రెండు ఖాళీ స్థలాలు, ఆ పైన కొండే. పెరట్లో పాత జామచెట్టు, కరివేపాకు, మునగ, నేను నాటిన నాలుగు మందారాలు ఉన్నాయి. పొద్దున్నే ఉడుతలు, పిగిలిపిట్టలు దిగుతాయి, ఎండ ఎక్కకముందే ముంగిస ఒకటి పిల్లల్ని వెంటేసుకుని గోడ వెంబడే పోతుంది, సాయంత్రం మందారాల దగ్గర తేనెపిట్టలు, రాత్రయితే మిద్దె మీద ఏదో నడుస్తుంది, దాన్ని ఇంతవరకు సరిగ్గా చూడలేదు. ఇవన్నీ చూస్తూ మా పాప ఫోన్ అడగడమే తగ్గించింది.

ఇబ్బంది కోతులతో వచ్చింది. ఏప్రిల్‌లో ఒక తల్లికోతి, పొట్టకు పిల్ల కరుచుకుని ఉండగా, కుళాయి దగ్గర కూర్చుంటే మనసు ఆగక రెండు అరటిపండ్లు పెట్టాను. మర్నాడు మూడు వచ్చాయి. పది రోజులకు లెక్కపెడితే పద్నాలుగు. నిన్న పాప చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే ఒక పెద్ద మగకోతి లాక్కుని పళ్ళు చూపించింది, చేతి మీద గోరు కూడా గీసుకుంది. చాలా టెన్షన్‌గా ఉంది. పెట్టడం మానేస్తే వాటి నోటికాడ కూడు తీసినట్టు అనిపిస్తోంది, మానకపోతే ఇలా. వేటికి ఏం పెట్టొచ్చు, వేటికి అసలు పెట్టకూడదు, మీ అనుభవంలో ఉన్నది చెప్పండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (తిరుపతి)

అక్కా, ముందు ఆ గోరు గీత సంగతి చూడండి. రక్తం కారకపోయినా చర్మం గీసుకుపోయి ఉంటే చాలు, కుళాయి ధార కింద సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడిగి ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పసుపు, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టొద్దు. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. మొదటి సూది వేసిన రోజును సున్నా అనుకుంటే 3, 7, 28 రోజులకు చర్మంలోకి వేస్తారు, కండకు వేసే పద్ధతయితే 14వ రోజు కూడా ఉంటుంది. ఒకటి వేయించుకుని బాగానే ఉంది కదా అని మిగతావి ఎగ్గొట్టేవాళ్ళను చూస్తుంటాను, దయచేసి అలా చేయకండి.

జామచెట్టు_ఇల్లు

ఇప్పుడే తీసుకెళ్ళి వచ్చాను సిస్టర్. మొదటి సూది వేశారు, మిగతా తేదీలు క్యాలెండర్ మీద రాసుకున్నాను. రేపు చూద్దాంలే అనుకున్నాను నిజానికి, మీరు చెప్పకపోతే వెళ్ళేదాన్ని కాదు.

మిద్దెతోట (ఎమ్మార్ పల్లి)

నేను ఆరేళ్ళు కోతులకు పెట్టి, మానేసి నాలుగేళ్ళయింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మన దగ్గర తిరిగేవి టోపీ కోతులు. నడినెత్తి నుంచి జుట్టు చుట్టూ పరుచుకుని టోపీ పెట్టుకున్నట్టు ఉంటుంది, దక్షిణాది, మహారాష్ట్ర వైపు తప్ప ఇంకెక్కడా ఉండవు. అడవిలో అయితే మర్రిపండ్లు, జువ్విపండ్లు, లేత చిగుళ్ళు, పురుగులు ఏరుకుంటూ పగలంతా తిండి వెతుక్కోవడంతోనే గడిచిపోతుంది. మనం ఒక డజను అరటిపండ్లు పెడితే దవడ సంచుల్లో కుక్కుకుని పది నిమిషాల్లో ఆ పని అయిపోతుంది. ఇక మిగిలిన రోజంతా నీళ్ళ ట్యాంకు మూత తీయడం, ఆరేసిన వడియాలు ఎత్తుకెళ్ళడం, వాటిలో వాటికి కొట్లాటలు. మనం పెట్టే తావులో గుంపు మొత్తం ఒకేచోట చేరుతుంది కాబట్టి బలమైనవే తింటాయి, మీరు ఎవరిని చూసి జాలిపడ్డారో ఆ పిల్లతల్లికి దక్కేది తొక్కే.

నేను మానేసిన రోజు నాకింకా గుర్తుంది. నేను పెట్టే చెనక్కాయల కోసం ఎదురు మిద్దె నుంచి మా మిద్దెకు కరెంటు తీగ పట్టుకుని దాటబోయి ఒక పిల్లకోతి చచ్చిపోయింది. తల్లి దాన్ని రెండు రోజులు చంకన పెట్టుకునే తిరిగింది, మా గోడ మీదికే వచ్చి కూర్చునేది. అది నా వల్లే జరిగిందని ఇప్పటికీ అనుకుంటాను.

మానడం ఎలా అంటే, ఒకేసారి మానేయాలి, వీధి వీధంతా మానేయాలి. కొంచెం కొంచెంగా తగ్గిద్దామనుకుంటే పని కాదు, అప్పుడప్పుడు దొరుకుతుందని తెలిస్తే అవి ఇంకా పట్టుదలగా వస్తాయి. మేము ఇంటింటికీ తిరిగి చెప్పాం. చెత్తబుట్టకు బిగువు మూత, వంటింటి కిటికీకి జాలీ, జామకాయలు దోరగా ఉన్నప్పుడే కోసేయడం. మొదటి వారం బాగా గోల చేశాయి, పైపులు పీకాయి. మూడో వారానికి రాకపోకలు తగ్గాయి. ఇప్పుడూ వస్తాయి, ఇలా వచ్చి అలా దాటిపోతాయి. ఎదురుపడితే కళ్ళలోకి చూడొద్దు, నవ్వుతూ పళ్ళు కనపడనివ్వొద్దు, అది వాటికి బెదిరింపు కింద లెక్క. పాపకు కూడా ఇది నేర్పండి.

శనివారం_సేవ (చంద్రగిరి)

అందరూ పెద్ద మనసుతో వినండి. నేను ఇరవై ఏళ్ళుగా ప్రతి శనివారం ఆంజనేయస్వామి పేరు చెప్పుకుని అరటిపండ్లు, బెల్లం కలిపిన శనగలు పెడుతున్నాను. మా నాన్న నుంచి వచ్చిన అలవాటు. కొండ కింద పొలాలన్నీ ప్లాట్లు చేసి, చెట్లు కొట్టేసి, చివరకు తిండి కూడా పెట్టొద్దంటే ఆ జీవాలు ఎక్కడికి పోవాలి? ఎండాకాలంలో కోనల్లో నీళ్ళు ఎండిపోతే దాహంతో దిగి వస్తున్నాయి, చూస్తూ ఊరుకోమంటారా?

మిద్దెతోట

పెద్దవారు మీరు, మీ భక్తిని నేనేమీ అనను సార్. చెట్లు కొట్టేశారన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే తిండికి బదులు చెట్టు పెట్టండి అంటున్నాను. మీకు చంద్రగిరిలో పొలం ఉందని ఇంతకుముందు ఎక్కడో రాశారు, దాని కొండవైపు గట్టు మీద జువ్వి, రావి, మేడి, నేరేడు నాటి రెండు వేసవులు నీళ్ళు పోయండి. పండినప్పుడు కోతులూ తింటాయి, గువ్వలూ తింటాయి, రాత్రికి గబ్బిలాలూ తింటాయి, ఎవరి చేతిలోంచీ గుంజుకోవాల్సిన పని ఉండదు. ఎండల్లో నీళ్ళ తొట్టి పెట్టాలన్నా ఇళ్ళకు, రోడ్డుకు దూరంగా ఆ గట్టు మీదే పెట్టండి.

శనివారం_సేవ

నాటడానికి నాకు అభ్యంతరం లేదు అమ్మా, ఈ వానలకే నాటిస్తాను. శనివారం పెట్టేది మానేస్తానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను. ఆ పిల్లకోతి సంగతి చదివాక ఘాట్ రోడ్డు పక్కన మాత్రం పెట్టను, అక్కడ బండ్ల కింద పడినవి నేనూ చూశాను.

కరకంబాడి_రోడ్డు

కోతుల గురించే మాట్లాడుతున్నారు గానీ దీని వెనక ఇంకో గొలుసు ఉంది. మనం వాకిట్లో, ఖాళీ స్థలాల్లో పారేసే అన్నానికి వీధికుక్కలు, పందులు చేరతాయి. వాటి కోసం చిరుత దిగుతుంది. చిరుతకు కుక్క చాలా తేలికైన వేట. అలిపిరి నడకదారిలో 2023 ఆగస్టులో ఆరేళ్ళ పాప చనిపోయిన తర్వాత పదిహేనేళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటితే నడకదారిలో పంపకుండా ఆపారు, పెద్దవాళ్ళ చేతికి కర్రలు ఇచ్చారు, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దని గట్టిగా చెప్పారు. కొండ కింద ఇళ్ళవాళ్ళకూ అదే వర్తిస్తుంది. జీవకోన వాళ్ళు రాత్రి పూట కుక్కకు పెట్టిన గిన్నె బయట వదలకండి, పెంపుడు కుక్క ఉంటే ఇంట్లో కట్టేయండి, వెనక వైపు ఒక లైటు వేసి ఉంచండి. ఎండాకాలం దుప్పులు దిగినా దగ్గరికి పోకండి, ఆకులు పెట్టకండి. మనిషి అలవాటైన దుప్పి తర్వాత కుక్కలకు చిక్కుతుంది.

బెంగళూర_మామిడి (పలమనేరు దగ్గర పల్లె)

మా దగ్గర పెరట్లోకి వచ్చేది ఏనుగు. కౌండిన్య అభయారణ్యం మాకు కూతవేటు దూరం. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఇటు వచ్చిన గుంపుల సంతతే ఇవి అని పెద్దోళ్ళు చెబుతారు. మా ఇంటి వెనక పనస చెట్టు ఉండేది, పండు వాసన వచ్చిన రాత్రే వచ్చేవి. రెండుసార్లు గోడ పోయింది. ఎవరికీ ప్రమాదం జరగకముందే కాయలన్నీ పిందె మీదే కోసేయడం మొదలుపెట్టాం, అరటి పిలకలు ఇంటి దగ్గర నుంచి తీసేశాం. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు (అడవి ఏనుగుల్ని వెనక్కి తరమడానికి శిక్షణ ఇచ్చినవి) వచ్చాక కొంత ధైర్యంగా ఉంది. ఏనుగు పోతుంటే మిద్దె మీద నుంచి చీకట్లో చప్పుడు లేకుండా చూస్తాను, ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. ఒక్క చెరుకు ముక్క కూడా పెట్టను. టార్చి కొట్టి వీడియో తీసే పిల్లల్ని చూస్తే భయమేస్తుంది.

రాత్రి_చూపు (మంగళం)

జీవకోన అక్కా, మీ మిద్దె మీద నడిచేది మానుపిల్లి అయి ఉండొచ్చు. బూడిద నలుపు ఒళ్ళు, ముఖం మీద నల్లటి ముసుగు వేసినట్టు ఉంటుంది, పొడుగు తోక, తోక మీద పట్టీలు ఉండవు. తోకకు పట్టీలు, ఒంటి మీద వరసగా చుక్కలు ఉంటే అది పునుగుపిల్లి, శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారికి పూసే పునుగు తైలం దాని నుంచే వస్తుంది. రెండింటినీ ఇంట్లో పట్టి పెంచడం నేరం. మా ఇంట్లో మానుపిల్లి అటక మీద పిల్లలు పెట్టింది. తీసి పారేద్దామని మా ఆయన అంటే నేను ఒప్పుకోలేదు. పిల్లలు పెద్దవై తల్లితో వెళ్ళిపోయేదాకా ఆగి, రెండు రాత్రులు ఏ చప్పుడూ లేదని చూసుకుని ఆ సందుకు ఇనుప జాలీ కొట్టించాం. దానికి ఏమీ పెట్టక్కర్లేదు, ఎలుకలు, పండ్లు తినేస్తుంది. చూడాలనుంటే ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని ఎనిమిదిన్నర నుంచి కదలకుండా కూర్చోండి.

పిచ్చుక_కట్టమంచి (చిత్తూరు)

పిట్టల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, నాకు తెలిసింది అదే. సంక్రాంతికి మా ఊరి నుంచి వరి కుచ్చు తెప్పించి వాకిట్లో వేలాడదీస్తాను. అది అయిపోతే నూకలు, కొర్రలు, సజ్జలు, రోజుకు ఒక పిడికెడు, పొద్దున మాత్రమే. ఎక్కువ పోస్తే కింద పడ్డ గింజలకు ఎలుకలు, ఎలుకలకు పాము. మా ఇంట్లో జెర్రిపోతు రెండుసార్లు వచ్చింది, తప్పు మాదే, రాత్రికి గింజలు ఊడ్చకుండా వదిలాం. పాముకు పాలు పోయాల్సిన పని లేదు, అది తాగదు, పుట్టలో పోసిన పాలు పులిసి కంపు కొట్టడమే. ఇంట్లోకి వస్తే పాములు పట్టేవాళ్ళను పిలవండి, కొట్టకండి.

ఉప్పు, నూనె ఉన్నవి, చిప్స్, మిక్చర్ పెట్టొద్దు. బూజు పట్టిన చెనక్కాయలు పారేద్దామనుకుని పిట్టలకు వేసేవాళ్ళున్నారు, ఆ బూజు విషం, మనం తిననిది వాటికీ వద్దు. ఇంకో మాట, పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గానీ గూట్లో పిల్లలకు పెట్టేది పురుగులు. పెరట్లో పురుగుమందు కొట్టి వాకిట్లో కొర్రలు చల్లితే పిల్లలు బతకవు. నేను చిక్కుడుకు పేనుబంక వచ్చినా నీళ్ళ ధారతో కడుగుతాను అంతే. చెక్కపెట్టె కట్టేవాళ్ళు కంత ఒకటింబావు అంగుళానికి మించకుండా చూసుకోండి, పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి.

నీళ్ళకు మట్టి మూకుడు, రెండంగుళాల లోతు, మధ్యలో కాలు పెట్టుకోవడానికి ఒక గులకరాయి. రోజూ పారబోసి కొబ్బరి పీచుతో తోమి కొత్తవి పోయాలి, లేకపోతే దోమలు, పిట్టలకు జబ్బులు. పిల్లి నక్కే పొద దగ్గర పెట్టొద్దు. తేనెపిట్టలకు చక్కెర నీళ్ళు అవసరం లేదు అక్కా, మీ మందారాలే చాలు. కరివేపాకు పండ్లు కోయకుండా వదిలేయండి, పిగిలిపిట్టలకు ప్రాణం. బండి అద్దం మీద తేనెపిట్ట వచ్చి ముక్కుతో పొడుస్తుంటే అందులో ఇంకో పిట్ట ఉందని పోట్లాడుతోందని అర్థం, అద్దానికి గుడ్డ చుట్టండి.

జామచెట్టు_ఇల్లు

మీరందరూ రాసింది ప్రింటు తీసి మా వీధిలో ఏడిళ్ళకు ఇచ్చాను. ఆరిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఏడో ఇంటి అవ్వ ఒప్పుకోలేదు, కానీ పాప చేతి మీద గీత చూసి అరటిపండ్లు మాత్రం మానేసింది. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. మొదట్లో పొద్దునా సాయంత్రమూ వచ్చి తలుపు గొళ్ళెం లాగేవి, ఆ తల్లికోతి కుళాయి మీద కూర్చుని నా వైపే చూస్తుంటే లోపలికి వెళ్ళి ఏడ్చాను. ఈ వారంలో రెండుసార్లే వచ్చాయి. నిన్న అదే తల్లి ఖాళీ స్థలంలో ఉన్న రేగు చెట్టు మీద కనిపించింది, పిల్ల వీపు మీదికి ఎక్కి కూర్చుంది, పొట్ట కింద లేదు, అంటే పెద్దదైంది.

పాపకు మూడు సూదులు అయ్యాయి, 28వ రోజుది మిగిలింది.

మిద్దె మీదిది మానుపిల్లే. రాత్రి తొమ్మిదికి ఎర్ర కాగితం టార్చితో నేనూ పాపా గంటసేపు కూర్చున్నాం, జామకొమ్మ మీద నుంచి ట్యాంకు మీదికి దిగింది, నల్ల ముసుగు స్పష్టంగా కనిపించింది. మేం కోయకుండా వదిలిన పైకొమ్మ కాయ ఒకటి తినేసి గింజలు గోడ మీద వదిలి వెళ్ళింది. రాత్రి_చూపు గారూ, అది రోజూ అదే సమయానికి వస్తుందా, లేకపోతే చెట్టు మీద కాయలు అయిపోతే మళ్ళీ రాదా?

రాత్రి_చూపు

కాయలున్నన్నాళ్ళూ ఇంచుమించు అదే వేళకు వస్తుంది అక్కా. అయిపోతే ఇంకో చెట్టుకు పోతుంది, వచ్చే కాపుకు మళ్ళీ మీ దగ్గరికే. పైకొమ్మ కాయలు కోయకండి.