డ్రైవర్ మొరాయిస్తే శల్యసారథ్యం అనొచ్చా?

రెండుపడవలు:
అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర మా ఇంట్లో గొడవ వచ్చింది, మీరే తేల్చాలి.

నా ల్యాప్‌టాప్‌లో ఒక పక్క విండోస్, ఇంకో పక్క లినక్స్. ఆఫీసు పని అందులో, సొంత పని ఇందులో. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోయింది కదా. ఇన్నాళ్లూ వాయిదా వేసి వేసి మొన్న ఆదివారం 11కి మారాను. ఆ పక్క అంతా సాఫీగానే జరిగింది. సోమవారం లినక్స్‌లోకి వెళ్తే వైఫై గుర్తే కనబడలేదు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించిన పెద్ద మానిటర్ నల్లగా ఉండిపోయింది. ముట్టుకున్నది విండోస్‌ని, పోయినవి లినక్స్ డ్రైవర్లు, అంటే వైఫై, మానిటర్ లాంటివాటిని నడిపే సాఫ్ట్‌వేర్లు!

ఒళ్లు మండి స్టేటస్‌లో "ఈ డ్రైవర్లది శల్యసారథ్యం" అని పెట్టాను. ఆ రాత్రి సాయం చేద్దామని వీడియో కాల్‌లో కూర్చున్న మా బావ అది చూసి, "నీకు లినక్సూ రాదు, భారతమూ రాదు" అన్నాడు. డ్రైవర్ అంటే సారథే కదా. నమ్మినవాణ్ని ముంచిన సారథి శల్యుడే కదా. నేను అన్నదాంట్లో తప్పేముంది?

గోళీసోడా:
తప్పేం లేదు. పైగా బాగుంది. నేనూ వాడుకుంటా.

పాతనిఘంటువు:
ముందు ఒక చిన్న మాట. మీరు సారథి అని సరిగ్గా రాశారు, సంతోషం. పేపర్లలో, ఫ్లెక్సీల మీద "సారధి", "సారధ్యం" అని ధ వేసి చంపుతున్నారు. రథంలో ఉన్న థే సారథిలోనూ ఉంది. రథాన్ని రధం అని రాయని వాళ్లు కూడా సారథి దగ్గరికొచ్చేసరికి ఎందుకు జారిపోతారో నాకు అర్థం కాదు.

ఓరుగల్లు:
అన్నా, శల్యపరీక్ష అంటే కూడా ఈ శల్యుడేనా? పేపర్ల "లెక్కలను శల్యపరీక్ష చేసిండ్రు" అని రాస్తరు గద.

పాతనిఘంటువు:
కాదు తమ్ముడూ. అక్కడ ఉన్నది శల్యం. బాణం మొన, ముల్లు, ఒంట్లో గుచ్చుకుపోయిన పరాయి వస్తువు, ఇలాంటి అర్థాలు దానికి ఉన్నాయి. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో ఒకటైన శల్యతంత్రం అంటే వాటిని కోసి బయటికి తీసే విద్య. లోపల గుచ్చుకున్నదాన్ని వెతికినట్టు వెతకడం శల్యపరీక్ష. రాజుగారి పేరులోనూ ఆ మాటే ఉంది గానీ, ఆ పరీక్షకూ ఆయనకూ సంబంధం లేదు.

మాస్టారు:
అసలు ప్రశ్న పక్కకు పోతోంది. నేను ముప్పై ఏళ్లు పదో తరగతికి తెలుగు చెప్పాను. శల్యసారథ్యం అంటే "చెడ్డ డ్రైవింగ్" అని రాసిన పిల్లలకు సగం మార్కులే వేసేవాణ్ని. ఎందుకో చెప్తాను.

శల్యుడు మద్రదేశపు రాజు, మాద్రికి అన్న, నకుల సహదేవులకు మేనమామ. పాండవుల వైపు యుద్ధం చేద్దామనే సైన్యంతో బయల్దేరాడు. దారిపొడవునా ఎవరో గొప్పగా మర్యాదలు చేయించారు. ఆ ఏర్పాట్లు చూసి మురిసిపోయి, చేయించింది ఎవరో తెలియకుండానే వరం ఇస్తానన్నాడు. తీరా చూస్తే చేయించింది దుర్యోధనుడు. మాట ఇచ్చేశాడు కాబట్టి అటు చేరక తప్పలేదు. ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు ధర్మరాజు ఇంకో మాట పుచ్చుకున్నాడు. నువ్వు కర్ణుడికి రథం తోలాల్సి వస్తే అతని తేజోవధ చేయాలి, అని. తేజోవధ అనే మాట మనం ఇవాళ కూడా వాడుతున్నాం.

పదిహేడో రోజున అదే జరిగింది. అర్జునుడికి కృష్ణుడు ఉన్నాడు, నాకూ అంతటి సారథి కావాలని కర్ణుడు అడిగాడు. గుర్రాల విద్యలో శల్యుణ్ని మించినవాడు లేడని తెలిసే అడిగాడు. శల్యుడికి మొదట తల కొట్టేసినట్టయింది. సూతపుత్రుడికి రాజు రథం తోలడమా! దుర్యోధనుడు బతిమాలాడు, శివుడి రథానికి బ్రహ్మ సారథ్యం చేసిన కథ చెప్పి నచ్చజెప్పాడు. అప్పుడు శల్యుడు ఒక షరతు పెట్టాడు. నా నోటికి వచ్చింది నేను అంటాను, కర్ణుడు పడాలి. కర్ణుడు సరేనన్నాడు.

ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. శల్యుడు రథాన్ని తప్పు తోలలేదు. పగ్గాలు వదిలేయలేదు. నాగాస్త్రం ఎక్కుపెట్టినప్పుడు "ఇది మెడకు తగలదు, మళ్లీ చూసి వెయ్యి" అని సరైన సలహా కూడా ఇచ్చాడు. కర్ణుడే వినలేదు. రథచక్రం భూమిలో దిగబడడం శాపం వల్ల, సారథి వల్ల కాదు. శల్యుడు చేసిందల్లా నోటితోనే. నువ్వెక్కడ, అర్జునుడెక్కడ అన్నాడు. ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి హంసతో పందెం వేసి సముద్రం మీద ఎగరలేక పడిపోయిన కథ చెప్పి, ఆ కాకివి నువ్వే అన్నాడు.

కాబట్టి పని చేయని సారథిది శల్యసారథ్యం అవదు. పని నిక్కచ్చిగా చేస్తూ, పక్కనే కూర్చుని మన గుండె జార్చేసేవాడిది శల్యసారథ్యం. మీ డ్రైవర్ అసలు రథమే ఎక్కలేదంటున్నారు. మరి శల్యుడెలా అవుతాడు?

గోళీసోడా:
మాస్టారూ, పైన రాసింది వెనక్కి తీసుకుంటున్నా.

రెండుపడవలు:
మాస్టారూ, నమస్కారం. నాకు సగం మార్కులే. అయితే రథమే ఎక్కని సారథిని ఏమనాలి?

కెర్నల్ కాపు:
నాది సిస్టమ్స్ పని, తెలుగు అంతంత మాత్రం. కానీ మీ డ్రైవర్లు రథం ఎక్కకపోవడానికి కారణం ఊహించగలను. 11కి మారేటప్పుడు, కంప్యూటర్ మొదలయ్యే సెట్టింగులుండే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్ చేశారా?

రెండుపడవలు:
చేశాను. మీ కంప్యూటర్ 11కి పనికొస్తుందా అని చూసే యాప్ అది ఆన్‌లో లేదని గోల పెట్టింది.

కెర్నల్ కాపు:
అదీ సంగతి. సెక్యూర్ బూట్ అంటే గుమ్మం దగ్గర కాపలా. నమ్మకమైన సంతకం ఉన్నవాటినే లోపలికి రానిస్తుంది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌తో పాటు వచ్చే డ్రైవర్లకు ఆ సంతకం ఉంటుంది. కొన్ని వైఫై చిప్పుల డ్రైవర్లు, గ్రాఫిక్స్ కార్డు కంపెనీ సొంత డ్రైవరు చాలాసార్లు విడిగా వస్తాయి. వాటిని డీకేఎంఎస్ అనే పనిముట్టు మీ కంప్యూటర్‌లోనే, మీ కెర్నల్‌కి సరిపోయేలా తయారు చేస్తుంది. ఇంట్లో తయారైన దాని మీద ఇంటి ముద్రే ఉంటుంది. ఆ ముద్రను గుమ్మం దగ్గర ముందే నమోదు చేయించాలి. ఇన్నాళ్లూ కాపలా లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. టెర్మినల్లో ఆ డ్రైవర్‌ను చేత్తో ఎక్కించి చూడండి, "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తుంది.

మానిటర్ నల్లబడ్డదీ అందుకే అయుంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు రెండో గ్రాఫిక్స్ కార్డుకే కలిపి ఉంటుంది. దాని డ్రైవర్ లేదు కాబట్టి పెద్ద మానిటర్ లేదు. లోపలి స్క్రీన్ మాత్రం వేరే చిప్పు మీద నడుస్తోంది. ఇంకో తమాషా ఏంటంటే, అదే కార్డుకి కెర్నల్‌లో నూవో అని సంతకం ఉన్న డ్రైవర్ ఒకటి ఉంది. కానీ కంపెనీ డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినప్పుడే నూవోను రావద్దని రాసి పెడుతుంది. తను రాదు, దాన్నీ రానివ్వదు.

తాటిముంజ:
దీనికి అచ్చ తెలుగు సామెత ఉంది కదండీ! "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు." భారతం దాకా వెళ్లక్కర్లేదు.

మాస్టారు:
భేష్. పూర్తి మార్కులు.

ఓరుగల్లు:
మరి నెట్ లేకుంట ఎట్ల జేస్తరు? వైఫైయే లేదంటిరి.

కెర్నల్ కాపు:
ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, ఆ దారికి విడిగా వచ్చే డ్రైవర్ ఏదీ అక్కర్లేదు. తర్వాత మోకుటిల్ అనే ఆదేశంతో ఇంటి ముద్రను ఇంపోర్ట్ చేయాలి. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, అది ఒక్కసారికే. అంకెలు పెట్టుకోండి, కీబోర్డు తేడాలతో బాధ ఉండదు. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కాలి. చాలామంది ఆ టైంలో టీ తెచ్చుకోవడానికి లేస్తారు, తెర వెళ్లిపోతుంది, మళ్లీ మొదటికి. ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యెస్, ఆ పాస్‌వర్డ్, రీబూట్. అంతే. సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది గానీ, ఆపే ముందు విండోస్ పక్కన డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసి దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. లేకపోతే ఆ పక్క తలుపూ మూసుకుంటుంది.

ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. అది ఉంటే విండోస్ పూర్తిగా పడుకోదు, దాని డిస్కును లినక్స్ చదవగలదు గానీ రాయలేదు. విండోస్‌లో గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంటే కంగారు పడకండి. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని మన టైం అనుకుంటుంది.

గుంపు కాపరి:
కమాండ్లు ఇక చాలు బాబూ. ఇది భాషా గుంపు. డ్రైవర్‌కి తెలుగు ఏంటో మాట్లాడుకోండి, నేను ఉండనిస్తాను.

పాతనిఘంటువు:
చోదకం అని కొందరు రాస్తున్నారు. నాకు నచ్చిన మాట. ఇది చుద్ ధాతువు నుంచి వచ్చింది, ముందుకు నెట్టడం, పురికొల్పడం అని అర్థం. గాయత్రిలో ప్రచోదయాత్ అన్నదీ అదే. రోజూ సంధ్య వార్చేవాళ్లు తెలియకుండానే డ్రైవర్‌ను పిలుస్తున్నారన్నమాట.

తాటిముంజ:
పుస్తకంలో బాగుంటుంది. "మా చోదకం పనిచేయట్లేదు" అని రిపేరు షాపులో చెప్పి చూడండి, ఎలా చూస్తారో. జనం డ్రైవర్ అనే అంటారు, డ్రైవర్ తెలుగే అయిపోయింది. తెలుగైపోయిందనడానికి రుజువు ఏంటో తెలుసా? క్రియ. మనిషి అయితే "డ్రైవర్ వచ్చాడు", "డ్రైవర్లు పోయారు". కంప్యూటర్లోది అయితే "డ్రైవర్ వచ్చింది", "డ్రైవర్లు పోయాయి". ఎవరూ నేర్పలేదు, ఏ నిఘంటువులోనూ చూసుకోలేదు. ఒకే మాటను రెండుగా విడగొట్టుకుని, ఒకదాన్ని మనిషి పక్కన, ఇంకోదాన్ని వస్తువుల పక్కన కూర్చోబెట్టాం. నేను ఫోన్లో "డ్రైవర్ పోయింది" అంటే మా నాన్నగారు "పోయింది ఏంట్రా, పోయాడు అనాలి. ఎప్పుడు పోయాడు, పాపం?" అన్నారు.

మాస్టారు:
ఇది చాలా మంచి గమనింపు. సారథి అనే మాట ఇక్కడ అతకకపోవడానికీ అదే కారణం. సారథి అనగానే మనిషి కనబడతాడు, "సారథి ఇన్‌స్టాల్ అయింది" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. చోదకుడు అనకుండా చోదకం అన్నవాళ్లకు ఆ తెలివి ఉంది.

గోళీసోడా:
ఫోన్ కేబుల్‌తో నెట్ వచ్చింది కదా, అది బృహన్నల సారథ్యం అనొచ్చా? వేరే దిక్కు లేక ఎక్కించుకుంటే అదే యుద్ధం గెలిపిస్తుంది.

మాస్టారు:
అనొచ్చు. ఉత్తరుడు ఎవరో మాత్రం పోస్టు పెట్టినవారే ఒప్పుకోవాలి.

రెండుపడవలు:
ఒప్పుకుంటున్నాను, ఉత్తర కుమారుణ్ని నేనే. నిన్న రాత్రి పని అయిపోయింది. కాపు గారు చెప్పిందే కారణం. నీలం తెర మొదటిసారి నిజంగానే పోయింది, నేను టీకి కాదు, చార్జర్‌కి లేచాను. రెండోసారి దొరికింది. వైఫై వచ్చింది, మానిటర్ వెలిగింది.

వీడియో కాల్‌లో ఇదంతా దగ్గరుండి చేయించింది మా బావే. ఒక్క అడుగు తప్పు చెప్పలేదు. ఏ కీ నొక్కాలో, ఎప్పుడు నొక్కాలో, అన్నీ కచ్చితంగా చెప్పాడు. చెప్తూనే మధ్యమధ్యలో "ఉన్న విండోస్‌తో సుఖంగా ఉండక నీకెందుకురా ఇవన్నీ", "మీ ఆఫీసులో నిన్ను ఎలా ఉంచుకున్నారో", "పది సెకన్లు కుదురుగా కూర్చోలేనివాడివి కెర్నల్ ముట్టుకుంటావా" అంటూనే ఉన్నాడు. పని అయ్యేసరికి ల్యాప్‌టాప్ బాగుపడింది గానీ నాలో జీవం లేదు.

మాస్టారు రాసింది పొద్దున మళ్లీ చదివాను. స్టేటస్‌లో "ఈ డ్రైవర్లది" అన్నది తీసేసి "మా బావది" అని మార్చాను.

మాస్టారు:
ఇప్పుడు పూర్తి మార్కులు.

ఓరుగల్లు:
బావ జూసిండా మరి?

రెండుపడవలు:
చూశాడు. "సారథ్యంలో థ పొట్టలో చుక్క సరిగ్గా పెట్టావు, అదొక్కటే వచ్చు నీకు" అన్నాడు.