సొంత కథ రాయాలని ఉంది, ధైర్యం చాలట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రాయని_పేజీ:
విడాకులకు ముందూ తర్వాతా జరిగింది రాసి, నా పేరుతోనే బయట పెట్టాలని ఉంది. కూర్చుంటే మొదటి పేరాలోనే చెయ్యి ఆగిపోతోంది. అమ్మావాళ్లు ఏమంటారో, అవతలి మనిషి కేసు వేస్తాడేమో, పిల్లలు పెద్దయ్యాక చదివితే ఎలాగో, అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయి. "ధైర్యం చెయ్యి" అని కాకుండా, ఏది ముందు ఏది వెనక అన్నది చెప్పగలరా?

ఎర్రపెన్ను:
రాయడం ఒక పని, చూపించడం ఇంకో పని. రెండూ కలిపి తలకెత్తుకుంటే చెయ్యి ఆగకేం చేస్తుంది? మొదటి ప్రతి ఎవరికీ చూపించేది కాదని ముందే తేల్చుకోండి.

గడియారం పెట్టుకుని రోజుకు 15 నిమిషాలు, వరుసగా 4 రోజులు, అదే విషయం. తప్పులు దిద్దొద్దు. బాధపెట్టిన అనుభవాల గురించి రాయిస్తే ఏమవుతుందో చూడ్డానికి మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ చేసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో వాడిన కొలత ఇదే. రాసిన వెంటనే మనసు తేలికవడం కాదు, ఇంకా బరువెక్కడం అందులోనూ కనిపించింది. కాబట్టి ఆ రాత్రే "ఇది నావల్ల కాదు" అని తీర్పు చెప్పుకోకండి. నిద్ర పట్టకపోయినా, జరిగింది మళ్లీ కళ్లముందే జరుగుతున్నట్టు అనిపించినా మాత్రం ఆపేసి కౌన్సెలర్‌తో మాట్లాడాలి.

ఇక రాత సంగతి. "పదేళ్లు నరకం చూశాను" అంటే చదివేవాళ్లకు ఏమీ కనపడదు. "తాళంలో చెవి తిరిగిన చప్పుడు వినగానే టీవీ కట్టేసేదాన్ని" అంటే పదేళ్లూ కనపడతాయి. ఒక గది, ఒక రోజు తీసుకోండి. అన్నిటికన్నా కష్టమైన రోజుతో మొదలుపెట్టకండి.

గడపదాటి:
పైవారు చెప్పిన నాలుగు రోజుల పద్ధతి మంచిదే కానీ, అందరికీ కాదు. బెదిరించిన మనిషి ఉన్న ఇంట్లోనే ఉంటూ రాసేవాళ్లకు కాగితమే ప్రమాదం. ఫోన్ కూడా అంతే: పేజీని ఫొటో తీస్తే, ఇద్దరూ వాడే ఖాతా ఉంటే దానంతటదే అవతలి ఫోన్‌లోకి చేరుతుంది. ముందు కొత్త ఖాతా, కొత్త పాస్‌వర్డ్, ఆ తర్వాతే రాత.

పేరు మారిస్తే సరిపోతుందనుకోవడం మామూలు పొరపాటు. ఉద్యోగం, ఊరు, పిల్లల సంఖ్య, పెళ్లయిన ఏడాది నాలుగూ కలిస్తే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. కథకు అక్కర్లేనివి రెండైనా మార్చండి లేదా తీసేయండి. ఫొటో ఫైల్‌లో తీసిన చోటు వివరాలు ఉండొచ్చు, వర్డ్ ఫైల్‌లో మీ పేరు ఉండొచ్చు. పంపేముందు రెండూ తుడిచేయండి.

కేసు విషయానికొస్తే, చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. "ఆయన డబ్బు కాజేశాడు" అంటే రుజువు అడుగుతారు. "ఖర్చు లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడల్లా గొంతు ఎండిపోయేది" అన్నది మీ అనుభవం. అయినా మనిషిని పోల్చుకోగలిగితే చిక్కు మొత్తంగా పోదు. కోర్టులో ఏదైనా నడుస్తుంటే లాయరు చూడకుండా ఒక్క పేరా కూడా బయటికి రానివ్వొద్దు. కోర్టుకిచ్చిన మాటకూ ఇక్కడ రాసినదానికీ ఒక తేదీ తేడా ఉన్నా ఎదుటివాళ్లకు అదే చాలు.

పిల్లల జబ్బు, బడి గొడవలు, వాళ్లు ఏడ్చిన రాత్రులు వాళ్లవి. అవి వదిలేయండి.

ఎర్రపెన్ను:
ఇల్లు, ఫోన్ సంగతి నిజమే, అది ముందు చూసుకోవాలి. ఇంకొకటి: మొదట చదివే మనిషి ఇందులో పాత్ర కాకూడదు. ఇచ్చేటప్పుడే చెప్పండి, "సలహా వద్దు, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ గీత పెట్టు చాలు." ఇంట్లోవాళ్లకు బయటికి రాకముందే చెప్పండి. చెప్పడం వేరు, అనుమతి అడగడం వేరు. ఎవరైనా గుచ్చి అడిగితే "రాసినంతవరకే చెప్పదలచుకున్నాను" అన్న ఒక్క వాక్యం నోటికి వచ్చేలా పెట్టుకోండి.

రాయని_పేజీ:
పిల్లల వైపు నుంచి ఆలోచించలేదు. ముందు పేరు లేకుండా వేసి, తర్వాత పేరు పెట్టుకోవచ్చా?

గడపదాటి:
పెట్టుకోవచ్చు. అటునుంచి ఇటు మాత్రం కుదరదు: పేరుతో వచ్చినదాన్ని తీసేసినా స్క్రీన్‌షాట్లు ఉండిపోతాయి. మారుపేరుకు మారు ఈమెయిల్ కూడా ఉండాలి, అది మీ ఫోన్ నంబరుకు ముడిపడి లేకుండా చూసుకోండి.