హెల్మెట్ కళ్ల మీదికి జారిపోతోంది, ఏం చేయాలి?

మియాపూర్ అమ్మ:
మా పాపకి ఆరేళ్లు, ఈ మధ్యే సైకిల్ పక్క చక్రాలు తీసేశాం. ఎదిగే పిల్ల కదా అని హెల్మెట్ ఒక సైజు పెద్దది కొన్నాను, ఇప్పుడు బ్రేక్ వేసిన ప్రతిసారీ కళ్ల మీదికి వచ్చేస్తోంది. వెనకున్న డయల్ చివరిదాకా తిప్పేశాను, లోపల చేతిరుమాలు కూడా మడిచి పెట్టాను, అయినా అంతే.

పాత అట్లాస్:
మార్చేయండి అక్కా, రుమాళ్లతో పని కాదు. టైలర్ టేపుతో కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ కొలవండి, లోపలి స్టిక్కర్ మీద సెంటీమీటర్లలో సైజు ఉంటుంది. పట్టీ పెట్టకముందే తల ఊపితే జారకూడదు. కనుబొమ్మల పైన రెండు వేళ్ల జాగా, గడ్డం కింద పట్టీలో ఒక వేలు, అంతే.

నల్లకుంట నాన్న:
నేనైతే స్కూటీ మీద పెట్టే ఐఎస్ఐ హెల్మెటే సైకిల్‌కీ పెట్టించాను. రెండు రౌండ్లకే మెడ నొప్పి, ఒళ్లంతా చెమట. దాని మీదుండే ఐఎస్ 4151 అంటే మోటారు బళ్ల హెల్మెట్ ప్రమాణం, బరువు. సైకిల్‌కి ఈఎన్ 1078 (యూరప్ సైకిల్ హెల్మెట్ ప్రమాణం) గానీ సీపీఎస్‌సీ (అమెరికాది) గానీ ఉందేమో చూడండి. మా గల్లీ షాపాయన "అన్నీ ఒకటే సార్" అని ఇచ్చినదాంట్లో థర్మకోల్ లాంటిది అసలు లేదు, ఉత్త స్పాంజి. అది హెల్మెట్ కాదు, టోపీ.

మియాపూర్ అమ్మ:
మరి జడలు?

ఉప్పల్ అక్క:
రెండు జడలు కిందికి వేయండి, నెత్తిన పిలక, క్లిప్పులు వద్దు. ఇంకోటి, మావాడు గేటుకి గుద్దుకున్నప్పుడు పైన చిన్న గీతే పడింది, లోపల చూస్తే ఫోమ్ పగిలింది. 1,200 పెట్టాం కదా అని మా ఆయన ఫెవిక్విక్ తెచ్చారు! ఆ ఫోమ్ నలిగి దెబ్బని తీసుకుంటుంది, ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. పారేశాం.

పాత అట్లాస్:
పార్కులో సైకిల్ దిగి జారుడుబల్ల ఎక్కేముందు హెల్మెట్ తీయించండి, అది ఎక్కడైనా ఇరుక్కుంటే పట్టీ గొంతుకి బిగుసుకుంటుంది.

మియాపూర్ అమ్మ:
కొలిచాను, 51. కొన్నదేమో 54-58! కొత్తది తెచ్చాం, కదలట్లేదు. పాతది నా తలకి సరిగ్గా సరిపోయింది, ఆదివారం నార్సింగి సైకిల్ ట్రాక్‌కి నేనూ వస్తున్నా.