పాత బ్యాటరీ నాకిన గేదె: సీసం విషానికి ఏం చేస్తున్నారు?

పాడిరైతు: పాత బ్యాటరీలు పగలగొట్టే చోట మేసిన గేదె, 400 కిలోలుంటుంది. కళ్లు కనపడట్లేదు, తల గోడకేసి నొక్కుతోంది, పళ్లు కొరుకుతోంది, నెమరు లేదు. సీసమేనని ఎలా తేల్చాలి? ఏ మందు, ఎంత? పాలు దూడకి వదలొచ్చా? చనిపోతే ఇన్సూరెన్సుకి ఏం కావాలి?

పశువైద్యుడు_కడప: చొంగ కారుస్తూ అరిచే పశువు నోట్లో చెయ్యి పెట్టొద్దు, రేబిస్ కాదని తేలేదాకా. విటమిన్ బి1 లోపంలోనూ చూపు పోతుంది, తల నొక్కుతుంది. కానీ అందులో కంటి మూల తాకితే రెప్ప ఆర్పుతుంది, కడుపు కొంత ఆడుతుంది. సీసంలో ఆ రెండూ దెబ్బతింటాయి. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ట్యూబులో మొత్తంగా పంపండి. సీరం పనికిరాదు, సీసం 90 శాతానికి పైగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. 0.35 పీపీఎం (పది లక్షల్లో 0.35 వంతు) దాటితే అనుమానం అక్కర్లేదు.

మందు కాల్షియం డైసోడియం ఈడీటీఏ, సీసాన్ని పట్టుకుని బయటికి లాగేది. రోజుకి కిలోకి 110 మి.గ్రా., రెండు పూటలుగా 3 రోజులు, 2 రోజులు ఆపి మళ్లీ ఇంకో విడత. ఈ గేదెకి రోజుకి 44 గ్రాములు. తోడుగా బి1, కిలోకి 2 నుంచి 4 మి.గ్రా. ఒళ్లు ఎండిపోయి ఉంటే ముందు సెలైన్, లేకుంటే కిడ్నీలు పాడవుతాయి.

రాఘవ_నెల్లూరు: 44 గ్రాముల ఇంజెక్షను ఏ మందుల షాపులో దొరుకుతుంది సార్? ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట ఈడీటీఏ పొడి అర కిలో డబ్బాల్లో ఉంది. డెక్స్ట్రోజులో కలిపి ఎక్కిస్తే పోలా?

పశువైద్యుడు_కడప: వద్దు! ఆ డబ్బాలో ఉండేది ఎక్కువగా వట్టి డైసోడియం ఈడీటీఏ. రక్తంలో కాల్షియాన్ని లాగేస్తుంది, సూది తియ్యకముందే గుండె ఆగొచ్చు. పేరు ముందు 'కాల్షియం' అని లేకపోతే ముట్టుకోవద్దు.

రాఘవ_నెల్లూరు: పక్కన కాల్షియం బోరోగ్లూకొనేట్ సీసా పెడితే సరి కదా.

పశువైద్యుడు_కడప: సరి కాదు. అసలు మందులో కాల్షియం ముందే పట్టి ఉంటుంది, సీసం వచ్చి దాన్ని తోసి ఆ చోట కూర్చుంటుంది. అందుకే రక్తంలో కాల్షియం జోలికి పోదు. మీరు చెప్పే పొడి శుద్ధి చేసింది కూడా కాదు. ఇలాంటి సలహాలు చదివి ఎవరో పాటిస్తారండీ, దయచేసి తీసెయ్యండి.

రాఘవ_నెల్లూరు: దొరకని మందు రాసి ఊరుకుంటే గేదె బతుకుతుందా?

బాబూరావు: మీరిద్దరూ సూది దగ్గరే ఆగారు, కడుపులో బ్యాటరీ ప్లేటు ముక్కలు ఇంకా కరుగుతున్నాయి. మెగ్నీషియం సల్ఫేట్ కిలోకి 400 మి.గ్రా., అంటే 160 గ్రాములు, నీళ్లలో కలిపి ట్యూబుతో కడుపులోకి. సీసం సల్ఫేటుగా మారితే పేగు పీల్చుకోవడం తగ్గుతుంది. మింగలేని పశువుకి నోట్లో పోసి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జాగ్రత్త.

పశువైద్యుడు_కడప: అవును, అది కావాల్సిందే. పెద్ద ముక్కలుంటే కడుపు కోసి తియ్యొచ్చు. కానీ తేనెపట్టు గదుల్లాంటి రెండో కడుపులో ఇరుక్కున్నవి పూర్తిగా రావు.

మల్లన్న_గొర్లు: అన్నా, గొర్లకు రాగి విషం గురించి ఎవ్వరు చెప్తలేరు. ఆవుల మినరల్ మిక్చరు గొర్లకు పెడుతున్నరు. గొర్రె రాగిని బయటికి సరిగ పంపలేదు, కాలేయంల పేరుస్తది. ఎండల దూరం తోలినా, లారీ ఎక్కించినా ఒక్కసారి రక్తంల పడి కళ్లు పచ్చబడ్తయ్, మూత్రం ఎర్రగ నల్లగ వస్తది. రాగి ఉండే బోర్డో మిశ్రమం కొట్టిన తోటల్ల మేపకుండ్రి. కాళ్లు కడిగే మైలుతుత్తం నీళ్లు, అదీ రాగే, తాగనియ్యకుండ్రి.

బాబూరావు: దానికి అమ్మోనియం మాలిబ్డేట్, సోడియం థయోసల్ఫేట్ నోటిద్వారా 3 వారాలు. మిగతా మందకీ పెట్టాలి, పచ్చబడ్డదానికొక్కదానికే కాదు.

పాడిరైతు: పాల సంగతి ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_మిత్ర: పారబోయండి. మరిగించినా సీసం పోదు, పాలు తాగే దూడ పేగు ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఎముకల్లో చేరిన సీసం నెలల తరబడి దిగుతుంది, కాబట్టి రక్తం మళ్లీ చూపించాకే పాలు. చనిపోతే కాలేయం, కిడ్నీ ముక్కలు చిక్కటి ఉప్పునీళ్లలో వేసి సీలు వెయ్యండి, ఫార్మలిన్‌లో వేసింది విష పరీక్షకి పనికిరాదు. చెవి ట్యాగు తియ్యకండి, క్లెయిము దానిమీదే. ఇంకా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యకపోతే ఇప్పుడే చెయ్యండి. అదే చోట మేసిన మిగతా పశువులు బాగానే కనిపిస్తున్నా వాటి రక్తం కూడా పంపండి.