ఇంటి ముందు పుస్తకాల పెట్టెకు ఏ చెక్క మంచిది?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. గేటు పక్కన చిన్న పుస్తకాల పెట్టె చేసి పెడదామనుకుంటున్నాను. దారినపోయేవాళ్ళు ఒక పుస్తకం తీసుకోవచ్చు, వీలైతే ఇంకొకటి పెట్టొచ్చు. తాళం, రిజిస్టరు ఏమీ ఉండవు. 2009లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో టాడ్ బోల్ అనే ఆయన ఇలాంటి పెట్టెతోనే ‘లిటిల్ ఫ్రీ లైబ్రరీ’ అనే ఉద్యమం మొదలుపెట్టారు. 1914లోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు మనది, ఇక్కడ వీధికొకటి ఉండాలని నా ఆశ.

నా బెంగంతా చెదలు, వాన గురించే. పాత ఇంటి టేకు ద్వారబంధాల చెక్క ఉంది, ఫ్రేముకు సరిపోతుంది. పలకలకు మెరైన్ ప్లైవుడ్ (తేమను తట్టుకునే రకం) వాడనా, డబ్ల్యూపీసీ బోర్డు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) వాడనా? ప్లైవుడ్ అంచుల్లోంచి నీళ్ళు పీలుస్తుంది కదా, అక్కడ ఎపాక్సీ (గట్టిపడే రెజిన్ పూత) పూస్తే ఆగుతుందా? డబ్ల్యూపీసీకి చెదలు పట్టవు గానీ, మే నెల ఎండకు పుస్తకాల బరువుతో అరలు వంగుతాయేమోనని అనుమానం.

పైన వాలుగా రేకు, ముందుకు కాస్త చూరు. పిల్లలు తెరుస్తారు కాబట్టి తలుపుకు గాజు వద్దు, అక్రిలిక్ షీటే.

లోపల చెమ్మ చేరకుండా చూరు కింద రంధ్రాలు పెట్టి జాలీ కొడితే జల్లు లోపలికి వస్తుందా? తుపాను వానలు మనకు అడ్డంగా కొడతాయి. కోస్తాలో ఇలాంటిది ఆరుబయట పెట్టినవాళ్ళు, వడ్రంగం తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. తుప్పుపట్టని స్టీలు బందులు బెజవాడలో ఎక్కడ దొరుకుతాయో కూడా.