క్యాస్పర్ సినిమాలు ఆరేళ్ల పిల్లకి చూపించొచ్చా?

గోదారిగట్టు: మా పాపకి ఆరేళ్లు. ఫ్రెండ్ టీషర్ట్ మీద ఆ తెల్ల బొమ్మ చూసొచ్చి, క్యాస్పర్ (అదే, మంచి మనసున్న పిల్ల దెయ్యం) సినిమా పెట్టమని ఒకటే గోల. అత్తగారేమో "దెయ్యాల సినిమాలేంటే, రాత్రి జడుసుకుంటుంది" అంటున్నారు. 1995లో వచ్చినదానితో మొదలుపెట్టనా, తర్వాత వచ్చినవాటితోనా? పిల్లలకి చూపించినవాళ్లు చెప్పండి.

పుస్తకాలపురుగు: జడుసుకోవడం సంగతి కాదండీ, ఏడుపు సంగతి చూసుకోండి. 1995 దానిలో క్యాస్పర్ బాబాయి దెయ్యాలు స్ట్రెచ్, స్టింకీ, ఫ్యాట్సోల అల్లరికి మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అటక మీద సీన్ వచ్చేసరికి చప్పుడు లేదు. పాత స్లెడ్డు (మంచు మీద జారే బండి) కనపడగానే క్యాస్పర్‌కి తను ఎలా పోయాడో గుర్తొస్తుంది. కొనిపెట్టమని నాన్నని సతాయించి, చీకటి పడినా ఇంటికి రాకుండా మంచులో ఆడి, జబ్బు చేసి పోతాడు. "అంటే జలుబు చేస్తే చచ్చిపోతామా?" అన్నాడు మావాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ముక్కు కారితే చాలు, వాడికి టెన్షన్.

నైట్‌షిఫ్ట్ నాన్న: అంతకంటే చివర్లో తండ్రి ఘట్టం బరువు. క్యాస్పర్‌తో స్నేహం చేసే అమ్మాయి క్యాట్‌కి (క్రిస్టినా రిచీ) అమ్మ ముందే లేదు. నాన్న బిల్ పుల్‌మన్ తాగిన మత్తులో గోతిలో పడి చనిపోయి, దెయ్యమై తిరిగొస్తాడు. మొదట కూతుర్నే గుర్తుపట్టడు. మళ్లీ మనిషిని చేసే లాజరస్ యంత్రంలో మందు ఒక్కరికే సరిపోతుంది. అన్నాళ్లూ దాని మీదే ఆశ పెట్టుకున్న క్యాస్పర్, ఆ అవకాశం ఆయనకి వదిలేస్తాడు. మా అమ్మాయి కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. అయినా పిల్లలకి చూపించదగ్గ సినిమా అంటాను, కాకపోతే ఎనిమిదేళ్లు దాటాక.

బొమ్మల కొలువు: యానిమేషన్‌లో పనిచేస్తాను కాబట్టి ఒక మాట. ముఖ్యపాత్ర మొత్తం కంప్యూటర్లోనే తయారైన మొదటి పెద్ద సినిమా ఈ 1995 క్యాస్పర్. టాయ్ స్టోరీ కూడా అదే ఏడాది, కాకపోతే కొన్ని నెలల తర్వాత. క్యాస్పర్ కళ్లు చూడండి, ఇప్పటికీ పాతబడలేదు. 2006 స్కేర్ స్కూల్ సినిమా తర్వాత అదే పేరుతో వచ్చిన సీరియల్‌లో మన హైదరాబాద్ యానిమేషన్ కంపెనీ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్ల చెయ్యి కూడా ఉంది.

గోదారిగట్టు: అయితే ఆరేళ్లకి ఏది?

పుస్తకాలపురుగు: 1998 నాటి క్యాస్పర్ మీట్స్ వెండీ. చిన్నారి మంత్రగత్తెగా హిల్లరీ డఫ్, ఆమెకి ముగ్గురు పిన్నులు, ఇటు క్యాస్పర్‌కి ముగ్గురు బాబాయిలు. వీళ్ల కొట్లాటలే సినిమా. పెద్దవాళ్లకి బోరు, పిల్లలకి పండగ. 1997లో వచ్చింది మాత్రం వద్దు. క్యాస్పర్ కొత్తగా దెయ్యమైన కథ అది, కానీ 1995 కథకి దీనికి పొంతన ఉండదు. పిల్లలు ప్రశ్నలతో చంపేస్తారు.

పాతసామాను: ఒక హెచ్చరిక. చిన్నవి కదా అని 1940ల కార్టూన్లు పెట్టేయకండి. 1945 నాటి మొట్టమొదటి దానిలో, అందరూ భయపడి పారిపోతున్నారని క్యాస్పర్ వెళ్లి రైలు పట్టాల మీద పడుకుంటాడు! తను ఇప్పటికే దెయ్యమన్న సంగతి మర్చిపోయి. 1948 దానిలో స్నేహం చేసిన నక్కపిల్ల వేటకుక్కలు తరమడంతో చచ్చిపోయి దెయ్యమై వస్తుంది. ఆ కాలంలో దీన్ని పిల్లలకెలా చూపించారో గానీ, మా ఇంట్లో మధ్యలోనే ఆపేశాం.

నైట్‌షిఫ్ట్ నాన్న: మీ అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టండి గోదారిగట్టు గారూ. విఠలాచార్య దెయ్యాలు చూసి పెరిగిన తరం, క్యాస్పర్ వాళ్లకో లెక్కా!

గోదారిగట్టు: ఆవిడే ముందు చూస్తానన్నారు, చూశాకే పర్మిషన్ అట. వెండీ సినిమా తెలుగు డబ్బింగ్‌లో ఎక్కడైనా ఉందా? ఇంగ్లీషైతే పక్కనుండి నేనే చెప్పుకుంటూ పోవాలి.