ఇంట్లోనే క్యాంపర్‌గా మార్చుకున్న పాత ఈకో వ్యాన్‌ను అమ్మడం ఎలా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2012 ఆగస్టులో ఖైరతాబాద్‌లో రిజిస్టరైన, ఏపీ 09 నంబరు గల ఏడు సీట్ల మారుతి ఈకో పెట్రోలు బండి ఉంది. ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. ఐదేళ్ల క్రితం వెనక రెండు వరుసల సీట్లు తీయించి, మా వీధి వడ్రంగి చేత ప్లైవుడ్ మంచం, దాని కింద సామాను అరలు, వెనక తలుపు దగ్గర మడిచిపెట్టుకునే వంటబల్ల చేయించుకున్నాను. మంచం కింద 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, పైకప్పు మీద సోలార్ పలక, లోపల రెండు ఎల్‌ఈడీ దీపాలు, ఒక చిన్న ఫ్యాన్ ఉన్నాయి. శ్రీశైలం, లంబసింగి, కుంటాల అన్నీ ఇందులోనే చూసివచ్చాం. ఇప్పుడు నా నడుము అంతంత దూరాలకు సహకరించడం లేదు కనుక అమ్మేద్దామనుకుంటున్నాను.

మార్పులకు నాకు 1,10,000 రూపాయల దాకా ఖర్చయింది. ఆ మొత్తాన్ని ధరలో కలిపి అడగవచ్చునా? ఆర్‌సీలో ఇప్పటికీ ఏడు సీట్లనే ఉంది; అది బదిలీకి అడ్డవుతుందా? విజయవాడ నుంచి ఫోన్ చేసిన ఒకాయన “ఏపీ నంబరే కదండీ, డబ్బు ఇచ్చి బండి తీసుకుపోతాను, పేరు మార్పు నిదానంగా చూసుకుందాం” అంటున్నారు. ఒప్పుకోవచ్చునా?

ఒక సభ్యుని సమాధానం

నాలుగేళ్ల క్రితం నేను ఇలాంటి ఓమ్నీనే అమ్మాను కనుక, ముందుగా ధర సంగతి చెబుతాను. నేను కూడా మీలాగే పెట్టిన ఖర్చంతా కలిపి ధర చెప్పి, ఐదు నెలలు కూర్చున్నాను. చూడడానికి వచ్చినవారు మంచం మీద పడుకుని, ఫొటోలు దిగి, టీ తాగి వెళ్లారే తప్ప బేరం దాకా ఎవరూ రాలేదు. పాత వ్యాన్ కొనేవారిలో ఎక్కువమంది పెద్ద కుటుంబం ఉన్నవారో, చిన్న వ్యాపారం చేసుకునేవారో ఉంటారు. వారికి మీ మంచం ఆస్తి కాదు, విప్పి పారేయవలసిన కట్టె. చివరికి పాత సీట్లు బిగించి మామూలు ఓమ్నీగా ప్రకటన ఇస్తే రెండు వారాల్లో అమ్ముడుపోయింది. మంచం, బ్యాటరీ, సోలార్ పలక విడిగా మరొకరు పట్టుకుపోయారు.

కాబట్టి బండిని బండిగా, సామానును సామానుగా అమ్మండి. మీ బండి వయసు, మోడలు, కిలోమీటర్లు దగ్గరగా ఉన్న మూడు నాలుగు ఈకోలు ఏ ధరకు వాస్తవంగా చేతులు మారుతున్నాయో వాకబు చేసి, దాన్ని బండి ధరగా పెట్టుకోండి. వడ్రంగి కూలీ మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు. ఐదేళ్లలో తిరిగిన ఊళ్లలోనే అది తీరిపోయిందనుకోండి.

ఒక సభ్యురాలి సమాధానం

వాహన బీమా పత్రాలతో రోజూ పని చేసేదాన్ని కనుక కాగితాల సంగతి రాస్తున్నాను. పై సభ్యుడు ధర కోసం సీట్లు బిగించమన్నారు. నేను చట్టం కోసం బిగించమంటాను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ సంస్థ ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. మీ ఆర్‌సీలో ఏడు సీట్లు, బండిలో రెండు సీట్లు ఉండడం సరిగ్గా ఆ తేడాయే. పైగా మీ రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లకు, అంటే 2027 ఆగస్టుకు ముగుస్తుంది. అప్పుడు మరో ఐదేళ్లకు పొడిగించుకోవాలంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని చూడవలసి ఉంటుంది, రుసుము, గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) కట్టవలసి ఉంటుంది. తెలిసిన కొనుగోలుదారు ఈ ఖర్చును ముందే లెక్క వేసుకుని బేరమాడతాడు, తెలియనివాడు తరవాత మీ ఇంటికి వచ్చి తగవు పడతాడు. ఈ రెండో దాని కంటే, ప్రకటనలోనే గడువు తేదీ రాయడం మేలు.

విజయవాడ ఆయన మాట ససేమిరా ఒప్పుకోకండి. నంబరు మొదట ఏపీ అని ఉన్నా, 2014 జూన్ 2 తరవాత ఖైరతాబాద్‌లోని రికార్డు తెలంగాణ రవాణా శాఖది. విజయవాడకు బండి మారాలంటే ఇక్కడ ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి, అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించి బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పాత ఏపీ నంబరు చూసి పొరబడేవారు నెలకొకరైనా నాకు తగులుతుంటారు. హైదరాబాదులోనే కొనేవారైతే పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 చాలు. బండి మీద ఎప్పుడైనా అప్పు ఉండి తీరిపోయి ఉంటే, ఆర్‌సీలో ఆ బ్యాంకు పేరు ఇంకా ఉందేమో చూసుకోండి. ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35తో ముందు దాన్ని తీయించాలి.

“పేరు మార్పు నిదానంగా” అన్న మాట ఎంత ప్రమాదమో తెలియడానికి 2018 నాటి నవీన్ కుమార్ వ్యాజ్యం చాలు. 2007లో అమ్మేసిన కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదం చేస్తే, రికార్డులో పేరు ఉన్న మొదటి యజమానే పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల డబ్బు, బండి, సంతకాలు ఒకే రోజు చేతులు మారాలి. బండి అప్పగించిన తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసిన రసీదు మీద ఇద్దరూ సంతకం చేయండి. ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా “ఈ బండి బదిలీ నిమిత్తం మాత్రమే” అని రాయండి. బదిలీ జరిగిన 14 రోజుల్లోగా బీమాను తన పేర మార్చుకోవడానికి కొన్నవారు దరఖాస్తు చేసుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయని ఏళ్లకు బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం బండితో పోదు, అది మీది. మీ బీమా సంస్థ నుంచి దానికి పత్రం తీసుకుని ఉంచుకుంటే మూడేళ్లలోపు కొనే మరో బండికి వాడుకోవచ్చు.

మరొక సభ్యుని సమాధానం

పైకప్పు మీద సోలార్ పలక అన్నారు కదా, దాని తీగ లోపలికి ఎలా దింపారు? తలుపు రబ్బరు సందులోంచి తెచ్చి ఉంటే చింత లేదు; రేకుకు రంధ్రం చేసి ఉంటే అసలు పరీక్ష అక్కడే ఉంది. రంధ్రం చుట్టూ పూసిన సీలెంటు ఎండకు పగిలి, వానకు నీరు చుక్కచుక్కగా దిగి, పైకప్పు లైనింగు వెనక నుంచి జారి ప్లైవుడ్ కిందికి చేరుతుంది. పైన తడి కనబడదు. మంచం ఎత్తి చూస్తేనే ప్లైవుడ్ అంచు ఉబ్బి పొరలు విచ్చుకోవడం, దాని కింద నేలరేకు మీద గోధుమరంగు పొక్కులు కనిపిస్తాయి. పైపు పెట్టి పది నిమిషాలు పైకప్పు మీద నీళ్లు వదిలి, లోపల పొడి కాగితం పరిచి చూడండి. మంచం కాళ్లను నేలలోకి స్క్రూలతో బిగించి ఉంటే, ఆ రంధ్రాలను కూడా కింది నుంచి చూసి, తుప్పు గీకించి ప్రైమరు వేయించి మూయించాలి. సీట్లు బిగించాక ఇవి కనబడవు కనుక కొనేవారికి ముందే చూపించండి. ఈకోకు ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు ఎత్తి చూపేటప్పుడు అక్కడ నూనె మరక ఉంటే కొనేవాడి చూపు ఇక దాని మీద నుంచి కదలదు, ముందే శుభ్రం చేయించి, కారుతున్నదేమో చూసుకోండి.

బ్యాటరీని విడిగా అమ్మేటట్లయితే, నిండా ఛార్జి చేసి ఒక రాత్రి ఊరకే వదిలి ఉదయం వోల్టేజి కొలవండి. లెడ్ యాసిడ్ రకమైతే 12.7 దగ్గర చూపితే బాగున్నట్టు, వాడకుండానే 12.2 చూపితే సగం ఖాళీ అయినట్టు. ఆ తరవాత ఫ్యాన్ ఎనిమిది గంటలు తిప్పి మళ్లీ కొలిచి, ఆ రెండు అంకెలూ కొనేవారికి చెప్పండి. మీ ఫ్యాన్ 15 వాట్లదైతే ఎనిమిది గంటలకు లాగేది 120 వాట్ అవర్లే. నిండు బ్యాటరీలో ఉండే 1,200 వాట్ అవర్లలో అది పదో వంతు. అంతకే వోల్టేజి పడిపోతే బ్యాటరీని తుక్కు ధరకు ఇవ్వండి, మంచిదని చెప్పకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తీగ కోసం రంధ్రం చేసిన మాట నిజమే. నీళ్లు వదిలి చూస్తే కాగితం ఒక మూల తడిసింది. టింకరింగ్ షాపుకు ఇచ్చాను. విజయవాడ ఆయనకు ఎన్‌ఓసీ వచ్చాకే బండి అని చెబితే మళ్లీ ఫోన్ లేదు. నిన్న ఇంకొకరు, తాను సైన్యంలో ఉన్నానని, చూడకుండానే బయానా పంపుతానని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని అడిగారు. డబ్బు రావడానికి పిన్ ఎందుకని అడిగితే పెట్టేశారు. పాత సీట్లు సిద్దిపేటలో మా బావమరిది ఇంటి అటక మీద దొరికాయి గానీ, ఒకదాన్ని ఎలుకలు కొరికేశాయి. దాన్ని అలాగే బిగించవచ్చునా?

ఒక సభ్యుని సమాధానం

కుషన్, కవరు సీట్ల షాపులో కొత్తగా కుట్టించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. సీటు బెల్టు పట్టీని మాత్రం పూర్తిగా బయటికి లాగి రెండు వైపులా వేలితో తడిమి చూడండి. ఒక్కచోట పోగు తెగినా దానికి కుట్టు వేయించకండి, బెల్టు మొత్తం కొత్తదే బిగించండి. సీటు పట్టాల బోల్టులు పాతవి దొరక్కపోతే అదే కొలత, అదే గ్రేడు బోల్టులను కంపెనీ విడిభాగాల దుకాణంలోనే తీసుకోండి. ఇంకొక మాట: బండి అప్పగించిన రోజే మీ ఫాస్టాగ్‌ను మూసేయించి స్టిక్కరు గీకేయండి, లేకపోతే వారు దాటే ప్రతి టోల్‌గేటు దగ్గరా డబ్బు మీ ఖాతాలోంచే పోతుంది.